పంపు సారు, దొంగ ముల్లు

ఆ రోజుల్ల మా దిక్కు సైన్సు అంటే భక్తి ఎక్కువ, అనుమానం తక్కువ. కరీంనగర్ల కరెంటు సగం వీధులకే ఉండె గని, పేపరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఆకాశంలకు ఏదో ఒకటి ఇడిసిపెడుతనే ఉండిరి. నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ స్టేటు పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేండ్లయింది. బోర్డుల మీద పేర్లు మారినయి, కుర్చీలల్ల మనుషులు మారిండ్రు, ఫైళ్లకు కట్టే ఎర్రనాడ మాత్రం గదే. గసొంటి కాలంల నేను బీఎస్సీ మూడో క్లాసుల పాసయి (మూడో క్లాసని ఇప్పుడు చెప్తున్న గని అప్పుడు "పాసయిన" అని అక్కడికే ఆపేటోణ్ని) ఒక కాలేజిల డిమాన్‌స్ట్రేటరుగ చేరిన. టెంపరరీ పోస్టు. ప్రతి ఆరు నెలలకు ఒక కాయితం వచ్చి ఇంకో ఆరు నెలలు బతుకుమనేది. మా బాపు సిరిసిల్లల మగ్గం నేసేటాయన, కొడుకు కుర్చీల కూసుండే నౌకరీ చేస్తున్నడని సంబురమే గని, "గా టెంపరరీ అంటే ఏంది బిడ్డా, అతుకు పెట్టిన పోగు లెక్కనా?" అని అడిగేది. అవునంటె బాధపడ్తడని, "కాదు బాపూ, పెద్ద పోస్టులన్నీ మొదట్ల గట్లనే ఉంటయి" అని చెప్పిన.

మా జియాలజీ లెక్చరర్‌ను పిల్లలు బండల సారు అంటుండిరి. ఆయన జేబుల పెన్ను లేకున్నా రాయి ఉండేది. సముద్రం దిక్కు నుంచి వచ్చినాయన. మొదట్ల ఆయన మాట మాకు, మా మాట ఆయనకు సగమే సమజయ్యేది. ఒకసారి నేను "సార్, మీ రాయి ఆడ పెట్టిన" అంటే, ఆడపిల్లల దగ్గర పెట్టిన్ననుకొని పాపం లేడీస్ రూం గడప దాక పోయి, లోపట్నుంచి నవ్వులు వినబడంగనే మల్ల వచ్చిండు. మనిషి మంచోడు. ఆయనకు ఒకటే పిచ్చి. భూమి కడుపుల, వంద మైళ్ల లోతుల, రాయి మీద ఎంత ఒత్తిడి ఉంటదో అంత ఒత్తిడి పైన మన చేతులతోని చేసి, దాంట్ల మన గోదావరి ఒడ్డు రాళ్లు ఏమైతయో చూడాలె. అది చూస్తే ఏమొస్తదని అడిగితే, "ఏమొస్తుందో ముందే తెలిస్తే చూడ్డం దేనికయ్యా" అనేది. జవాబు నాకు మస్తు నచ్చింది. ప్రిన్సిపాల్ సారుకు నచ్చలే.

అప్పుడే ఆదిలాబాద్ల ఒక పత్తి ఫ్యాక్టరీ మూతపడ్డది. దాని సేటు, పాత సామాను తీసుకపోయెటోడు దొరకక, పత్తి బేళ్లు ఒత్తే ప్రెస్సునొకదాన్ని మా కాలేజికి దానం చేసిండు (దానం చేసినందుకు ఆయన ఫోటో లైబ్రరీల పెట్టిండ్రు, ప్రెస్సును మాత్రం సైకిళ్ల షెడ్డుల పెట్టిండ్రు). ఇద్దరు మనుషులెత్తు ఇనుప చట్రం, కింద ఒక లావు స్తంభం, పక్కకు చేతి పంపు, పంపు నుంచి స్తంభానికి నూనె పోయే పైపు, పైపు మీద ఎర్రగీత ఉన్న గుండ్రటి గేజి. పంపు కొడుతుంటే నూనె ఒత్తిడికి స్తంభం మెల్లగ పైకి లేస్తది, గేజిల ముల్లు తిరుగుతది. దాన్ని బిగించనీకె లారీల ఒక ముసలి మిస్త్రి వచ్చిండు, ఆయన్ను అందరు తాత్యా అంటుండిరి. ఎనుక సేటు లెక్కలు రాసే మునీము కూడ వచ్చిండు. తాత్యా రెండు రోజులు కిందమీద పడి బిగించి, పొయ్యెటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "బాబా, ఎర్రగీత దాటియ్యకు" అన్నడు. ఇంకేదో చెప్పబోయి మునీము దిక్కు చూసి ఊకున్నడు.

బండల సారు ఆ ప్రెస్సును చూసి, పెండ్లిపిల్లను చూసినట్టు చూసిండు. ఒత్తిడంటే ఏందో నాకు ఆయన చెప్పిన తీరు ఇప్పటికి యాదున్నది. బియ్యం మూట భుజం మీద పెట్టుకుంటే బరువు కొడ్తది గని నొప్పి ఉండది. గదే మూటకు సన్నని తాడు కట్టి ఒక్క వేలికి తగిలిస్తే వేలు తెగుతది. బరువు గదే, జాగ తక్కువైంది. అట్లనే ప్రెస్సు బలమంతా గోటిమందం జాగ మీద దింపాలె. బొగ్గుబావులల్ల బండ తొలిచే బర్మాల మొనలు ఉక్కును కూడ గీరుతయి. అవి రెండు తెప్పించి, నున్నగ అరగదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టినం. నడుమ ఒక బలపం బిళ్ల (పలక మీద రాసే బలపమే, మెత్తటి రాయి కాబట్టి పక్కలకు ఒరిగి లోపలి సరుకును పట్టుకుంటది). దాని నడుమ సూదిబెజ్జమంత జాగల రాతిపొడి. నేను పంపు కొట్టాలె, సారు గేజి చూసి లెక్క కట్టాలె. మొదటిసారి ముల్లు ఎర్రగీత కాడికి పోయిననాడు సారు లెక్క కట్టి, మల్ల కట్టి, మూడోసారి నాతోని కట్టిచ్చి, ఆఖరికి సుద్దముక్క తీసుకొని షెడ్డు తలుపు మీద రాసిండు: "గాలి ఒత్తిడికి యాభై వేల రెట్లు."

ఆ తలుపే మా ఇద్దరి కొంప ముంచింది.

ఎందుకంటే తలుపు మీద రాసింది ఊరంత చదివింది. పిల్లలు నన్ను పంపు సారు అనుడు మొదలుపెట్టిండ్రు. వెటకారమని నాకు తెల్వది, బిరుదనుకున్న. చాయ్ హోటల్ల కూసుంటే నలుగురు జమై, "పంపు సార్, యాభై వేలంటే ఎంత?" అని అడిగేటోళ్లు. "గిప్పుడు మీ నెత్తిమీద గాలి ఉన్నది గద, గసొంటి గాలులు యాభై వేలు ఒక్కపారి కూసున్నట్టు" అని చెప్పి, వాళ్లు నెత్తి తడుముకుంటుంటే, అంత ఒత్తిడి నా కుడిచేతిలనే ఉన్నదన్నట్టు చెయ్యి బల్ల మీద పెట్టేటోణ్ని. ఇంటికి పోయి బాపుకు చెప్పిన. ఆయన మగ్గం ఆపకుంటనే విని, "పోగు ఎంత గుంజాలెనో నా చేతికి తెలుస్తది. మీకు ముల్లు చెప్తే తప్ప తెల్వదా?" అన్నడు. చదువుకోనోళ్లకు ఏం చెప్పాలె అనుకున్న.

ఎవడు పుట్టించిండో గని, మేము బొగ్గును వజ్రం చేస్తున్నమని ఒక మాట పుట్టింది. బెల్లంపల్లి బొగ్గు దగ్గరనే ఉండె, ప్రెస్సు ఉండె, యాభై వేలు తలుపు మీదనే ఉండె. ఇగ జనానికి కావల్సింది లేకుండ లేదు. బండల సారును అడిగితే, "అబ్బే, మేం చేసేది అది కాదండీ" అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన అనలే. నవ్వి ఊరుకున్నడు. ఆ నవ్వును ప్రిన్సిపాల్ సారు పట్టుకున్నడు. ఆయన చరిత్ర చెప్పేటాయన. జరిగినదాన్ని జరగాల్సినట్టు చెప్పుడు ఆయనకు అలవాటే. హైదరాబాద్ల పెద్దాఫీసరుకు ఉత్తరం రాసి, "తమరు దయచేసి మా ప్రయోగం కండ్లార చూడాలె" అని పిలిచిండు. అక్కడ్నుంచి వస్తున్నమని జవాబు. పిలుపుతోపాటు నా పోస్టు పర్మనెంటు చేయాలన్న కాయితం కూడ ఆయన ముందర పెడ్తనని నాకు మాటిచ్చిండు. నేను ఆ వారం మొత్తం ఇంకింత గట్టిగ పంపు కొట్టిన.

గిట్ల నడుస్తుండంగ సారుకు ఒక ఉత్తరం వచ్చింది. తన గొప్ప పంచుకుందామని ఆయన దూరదేశపు పట్నంల తనకు తెలిసిన ఒక పెద్ద ప్రొఫెసరుకు రాసిండట. జవాబు ఒక్క వరుస: "సంతోషం. బిస్మత్‌తో సరిచూశారా?" సారు దాన్ని రెండుసార్లు చదివి, "కుళ్లు" అన్నడు. జరసేపటికి మల్ల తీసి చదివిండు. ఆ తర్వాత నాకు చెప్పిండు. బిస్మత్ అనే లోహానికి ఒక గుణం ఉన్నది. దాంట్లకెళ్లి కరెంటు పంపుతు ఒత్తిడి పెంచుకుంట పోతే, లోపల ఒత్తిడి నిజంగ ఇరవై ఐదు వేలు కాంగనే దాని తీరు ఒక్కసారిగ మారి, కరెంటు జర్రున ఎక్కువ పోతది. ఇరవై నాలుగుకు మారది, ఇరవై ఆరు దాక ఆగది. అంటే గేజి ఏం చెప్పినా, లోపల అసలు ఎంతున్నదో సాక్షి చెప్పే లోహమది. మాకు యాభై ఉన్నది గద, ఇరవై ఐదు సగం దూరం. ఒక పూట పని అనుకున్నం.

కరీంనగర్ల బిస్మత్ ఎక్కడ దొరుకుతది? ఫిజిక్సు గదిల వేడిని కొలిచే ఒక పాత సాధనం ఉండె, దాంట్ల బిస్మత్ పుల్లలు ఉంటయని పుస్తకంల చదివిన. అది నేను బడికి పోకముందు నుంచి బీరువల ఉన్నది, ఎవ్వరు ముట్టింది లేదు. మేము ముట్టినం, ఇప్పినం, ఒక పుల్ల ఇరగ్గొట్టినం (ఫిజిక్సు సారు అది తెలిసి నెల రోజులు నాతోని మాట్లాడలే, అంతకు ముందు కూడ మాట్లాడకపోయేది గని ఈసారి కారణం ఉన్నది). వెంట్రుకంత ముక్క బలపం నడుమ పెట్టి, తీగలు తగిలించి, కిటికీలు మూసి, గోడ మీద వెలుగు చుక్క పడేటట్టు మీటరు పెట్టినం. కరెంటు మారితే చుక్క దుంకుతది. నేను పంపు కొట్టిన. సారు లెక్కల ఇరవై ఐదు అయింది. చుక్క కదలలే. ముప్పై. చుక్క నిమ్మళంగ ఉన్నది. నలభై. ఆఖరికి ఎర్రగీత, యాభై. ఆ చుక్క గోడ మీద బల్లి లెక్క కూసున్నది.

సారు చెమట తుడుచుకొని, "బిస్మత్ కల్తీదయ్యా" అన్నడు. ఇంకో ముక్క పెట్టినం. కదలలే. "తీగలు బాలేవు." తీగలు మార్చినం. "మీటరు." మీటరు మార్చినం. "నువ్వు పంపు కుదుపుగా కొడుతున్నావు." నా కుదుపు కూడ మార్చుకున్న. నాలుగు రోజులల్ల ఆ షెడ్డుల తప్పు లేని వస్తువు ఒక్క గేజి మాత్రమే మిగిలింది. ఆఫీసరు వచ్చేది ఇంకో వారంల. ఆఖరికి సారే అన్నడు, "ఆ మిస్త్రిని అడిగి రా. స్తంభం ఎక్కడైనా పట్టేస్తోందేమో."

బస్సుల నిర్మల్ మీదికెళ్లి ఆదిలాబాద్ పోయిన. తాత్యా ఇల్లు పత్తి బజారు ఎనుక. నన్ను చూసి, "బస్ రే బాబా, బస్" అన్నడు. బస్సు సంగతి అడుగుతున్నడనుకొని, "మధ్యాన్నం దిగిన" అన్న. మరాఠీల కూసోమన్నడని ఆయన పీట జరిపినంక సమజైంది. పక్కకు అరుగు మీద ఒకాయన పత్తి ఏరుతున్నడు, ఒక కంటికి నల్లగుడ్డ కట్టి ఉన్నది. నేను సంగతంత చెప్పిన. ముల్లు ఎర్రగీత దాక పోతున్నది గని, లోపల ఒత్తిడి ఉన్నట్టు లేదని. తాత్యా నవ్వలే, ఆశ్చర్యపోలే. బీడీ పక్కకు పెట్టి, "ఆ ముల్లు నేనే ముంగటికి జరిపిన" అన్నడు.

పత్తి ఎంత గట్టిగ ఒత్తితే ఒక లారీల అన్ని ఎక్కువ బేళ్లు పడ్తయి. సేటు ఇంకా ఒత్తు, ఇంకా ఒత్తు అని ఎగదోసేది. ఒకనాడు పైపు పగిలి నూనె కత్తి లెక్క వచ్చి, పక్కన నిలబడ్డ తాత్యా బామ్మర్ది కన్ను తీసుకపోయింది (అరుగు మీది మనిషి పత్తి ఏరుడు ఆపలే). తెల్లారి సేటు కొత్త పైపు ఎయ్యలే. పాత పైపునే అతికిచ్చి, గేజి ముంగట ఒక మనిషిని కూసోబెట్టి, ముల్లు ఎర్రగీతకు రాకపోతే తనకు చెప్పుమన్నడు. "అప్పుడు నేను గేజి ఇప్పిన. లోపల పండ్లున్న చక్రం ముక్క ఉంటది, దానికి ఒక చిన్న మర. దాన్ని లోపలికి జరిపితే ముల్లు రెట్టింపు ఉరుకుతది. ఎర్రగీత అంటది గని ఒత్తిడి సగమే. బేళ్లు జర మెత్తగ వచ్చినయి. సేటు ఏమన్నడో తెలుసా? పత్తిల దమ్ము లేదన్నడు." ఇగ అప్పట్నుంచి ఫ్యాక్టరీ మూసేదాక ఎవ్వరికి ఏం కాలేదట.

"మరి మా కాలేజిల ఎందుకు చెప్పలే తాత్యా?"

"మునీము పక్కన్నే ఉండె. మల్ల నన్ను ఎవరన్న అడిగిండ్రా? మీ సారు రాయి చూపెట్టిండు, చాయ్ ఇచ్చిండు. గేజి సంగతి అడగలే." పక్కకు పెట్టిన బీడీ మల్ల తీసుకొని అన్నడు, "బాబా, ముల్లు సరిచేస్తె సరిచెయ్యి. కాని మీ సారు నిజం యాభై కావాలంటడు. ఆ పైపు ఆగది. అతుకు కాడ్నే పోతది."

మల్లొచ్చేటప్పుడు బస్సుల అదే లెక్క ఏసుకుంట కూసున్న. చెప్తే సారు పరువు పోతది, నా పర్మనెంటు పోతది. చెప్పకుంటే అబద్ధం నడుస్తది గని ఎవని కన్ను పోదు. అబద్ధమే క్షేమంగ ఉన్నదని, నిజమే పగిలేటట్టున్నదని అప్పటిదాక నేను ఏ పుస్తకంల చదవలే. ఆఖరికి చెప్పిన. ధైర్యం ఉండి కాదు. దారి ఖర్చు బిల్లుల "ఎందుకు పోయినవ్, ఏం తెలిసింది" అని రాయాల్సి ఉండె, ఏం రాయాల్నో తోచలే.

సారు వినుకుంట జేబుల రాయి తీసి బల్ల మీద పెట్టిండు. "ఎంత?" అన్నడు. "సగం సార్." లేచి వరండ దాక పోయిండు. తిరిగొచ్చి, తాత్యా చెప్పినట్టే అన్నడు: "అయితే ముల్లు సరిచేద్దాం. చేసి, నిజమైన యాభై కొట్టేద్దాం."

"పైపు ఆగదట సార్."

"ఆ మిస్త్రికి ఫిజిక్స్ ఏం తెలుసయ్యా?"

"ఫిజిక్స్ తెల్వది సార్. పైపు తెలుసు."

సారు నా మొఖం దిక్కు చూసిండు. నేను అట్ల ఎదురు చెప్పుడు ఆయనకు కొత్త, నాకు ఇంకా కొత్త. భయమై వెంటనే, "నాకు భుజం కూడ గుంజుతున్నది సార్" అని ఒక అబద్ధం కలిపిన. ఇద్దరం ప్రిన్సిపాల్ సారు దగ్గరికి పోయినం. ఆయన అంత విని, కండ్లద్దాలు తుడుచుకొని, తీర్పు చెప్పిండు: "గేజిల ఉన్నది ఉన్నట్టు చూపెట్టుండ్రి. అబద్ధం చెప్పేది గేజి, మనం కాదు గద. పందిళ్లకు చెప్పేసిన." మేమిద్దరం తల ఊపినం. ఈ ముక్క రాసెటప్పుడు కూడ నాకు సిగ్గయితనే ఉన్నది, కాని ఊపినం.

ఆనాడు సైకిళ్ల షెడ్డును నేను గుర్తుపట్టలే. మామిడాకులు, గుడ్డ పందిరి, కాగితపు పూలు. ఊరి పెద్దలు, వకీళ్లు, బట్టల దుకాండ్లోళ్లు, వజ్రం చూడనీకె వేములవాడ నుంచి కూడ ఇద్దరు. ఫోటోల గేజి, ఆఫీసరు ఇద్దరు పడాల్నని ప్రిన్సిపాల్ సారు పెద్ద కుర్చీని పైపు పక్కకే ఏయించిండు. పైపు అతుకు సరిగ్గ ఆఫీసరు చెవి ఎత్తున ఉన్నది. నేను కుర్చీ జరపబోతే, "ఫోటోకు గదే సక్కగుంటది" అని ఆయనే మల్ల జరిపిండు. ఆఫీసరు వచ్చిండు, దండ ఏసుకున్నడు, కూసున్నడు. ప్రిన్సిపాల్ సారు భూమి పుట్టిన్నాటి నుంచి మొదలుపెట్టి మా కాలేజి దాక ప్రసంగం చెప్పిండు. నేను పంపు కొట్టిన. ముల్లు లేచింది, తిరిగింది, ఎర్రగీత మీద నిలబడ్డది. చప్పట్లు. ఫోటో ఆయన నల్లగుడ్డ కిందకెళ్లి తల తీసి, గీత మీద ఉంటే ముల్లు కనబడ్తలేదన్నడు. ఆఫీసరు నిమ్మళంగ అన్నడు, "జర దాటియ్యరాదూ. ఇంత దూరం వచ్చినం, ఫోటో మంచిగ రావాలె."

"కొట్టు" అన్నడు ప్రిన్సిపాల్ సారు.

నేను బండల సారు దిక్కు చూసిన. ఆయన కొట్టుమనలే, కొట్టకనలే. నేల దిక్కు చూస్తున్నడు. నేను ఆఫీసరు చెవి దిక్కు చూసిన, దాని పక్కకు అతుకు దిక్కు చూసిన. ఆదిలాబాద్ల అరుగు మీది మనిషి యాదికొచ్చిండు. పంపు కట్టె ఇడిసిపెట్టి, "ఇగ కొట్ట సార్" అన్న. "ముల్లు రెట్టింపు చూపెడ్తున్నది. పైపు పాతది. ఇంక కొడితే పగుల్తది."

మొట్టమొదట కదిలింది ఆఫీసరు కుర్చీ. కూసున్నాయన కూసున్నట్టే, కాళ్లతోని దాన్ని మెల్లగ ఎనుకకు నెట్టుకుంట పోయిండు. దాని ఎనుక మొదటి వరుస, దాని ఎనుక రెండోది. వజ్రం కోసం వచ్చినోళ్లు చెప్పులు వెతుక్కున్నరు. రెండు నిమిషాలల్ల షెడ్డుల పూలబుట్ట, ప్రిన్సిపాల్ సారు, మేము మిగిలినం. నేను నూనె ఇడిసే మర తిప్పితే ముల్లు నోరెత్తకుండ సున్నకు దిగింది. అప్పుడు బండల సారు గడప కాడికి పోయి, బయట పందిట్ల నిలబడ్డ ఆఫీసరుతోని అందరు వినేటట్టు అన్నడు: "అబ్బాయి చెప్పింది నిజమండీ. నాకు మూడు రోజుల కిందటే తెలుసు. చెప్పవలసింది నేను. వజ్రం మాట కూడా నిజం కాదు. అది కూడా నేనే చెప్పవలసింది." తలుపు మీది అంకెను చేతి రుమాలుతోని తుడిచిండు. సుద్ద సగమే పోయింది. తెల్లగ మరక మిగిలింది.

పదిహేను రోజులకు హైదరాబాద్ నుంచి ఒక కాయితం వచ్చింది. అధికారి రాకకు ముందు యాభై వేలున్న ఒత్తిడి, వచ్చినంక సగానికి ఎందుకు తగ్గింది, దానికి బాధ్యులు ఎవరు, సంజాయిషీ ఇవ్వాలె అని. బండల సారు, "తగ్గింది ఒత్తిడి కాదు, అబద్ధం" అని రాసిండు. ప్రిన్సిపాల్ సారు దాన్ని కొట్టేసి, "వాతావరణ కారణముల వలన" అని రాసి పంపిండు. దాంతోని వాళ్లు తృప్తిపడ్డరు, మల్ల ఏం అడగలే. నా పర్మనెంటు కాయితం మాత్రం ఏ ఫైలు కింద పోయిందో ఇప్పటికి తెల్వది.

ఆ తర్వాత జరిగింది ఎవరు చూడలే. సారు తాత్యాకు తన చేతితోని ఉత్తరం రాసి పిలిపించిండు, వచ్చినంక తన కుర్చీ ఆయనకు ఏసి, తను స్టూలు మీద కూసున్నడు. తాత్యా బొగ్గుబావి వర్క్‌షాపుల ఉన్న దోస్తును అడిగి కొత్త పైపు, ఒక మంచి గేజి తెచ్చిండు. రెండు గేజీలు ఒకే పైపుకు పెట్టి, మన గేజి మర జరుపుకుంట రెండు ముండ్లు ఒక్కతీరు నడిచేదాక కూసున్నడు. పైపు మీద పత్తి నింపిన గోనెసంచులు పరిచి, మమ్ముల దూరం నిలబెట్టి, పంపుకు పొడుగు కట్టె కట్టిండు. కిటికీలు మూసినం. నేను కొట్టిన, ఈసారి కుదుపు లేకుండ. ఇరవై ఐదు. చుక్క కదలలే. సారు పెదవులు కొరుక్కుంటున్నడు. ముప్పై. ముప్పై మూడు. లెక్కల ముప్పై ఆరు దాటుతుంటే, గోడ మీది వెలుగు చుక్క జానెడు పక్కకు దుంకి నిలబడ్డది.

సారు, దించి మల్ల ఎక్కించుమన్నట్టు చెయ్యి ఊపిండు. మల్ల కొట్టిన. మల్ల అక్కడ్నే దుంకింది. ఆ పొద్దు అట్ల ఏడుసార్లు కొట్టిపిచ్చిండు. ఒత్తిడిని బలపం కొంత మింగుతున్నది, స్తంభం రాపిడి కొంత మింగుతున్నది. లెక్క ముప్పై ఆరు అన్నకాడ లోపలికి చేరేది ఇరవై ఐదే. అంటే మేము యాభై అని ఊరేగినన్ని రోజులు లోపల రాయికి తాకింది పదిహేడో, పద్దెనిమిదో. ఆ మాట చెప్తే సారు కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. తాత్యా గోడ మీద చుక్కనే చూసుకుంట, "దీనికి ఎవరు నేర్పిండ్రు?" అని అడిగిండు. ఎవరు నేర్పలేదు, దాని గుణమే అదన్న. "మంచిది" అన్నడు. "దీనికి సేటు లేడు." సారు ఆ మాట కూడ నోటుబుక్కుల రాసుకున్నడు, అంకెల పక్కనే.

ఆ ఏడు తిరిగేసరికి నా ఆరు నెలల కాయితం రాలే. చెన్నూరుల హైస్కూలు మాస్టరుగ చేరిన, పర్మనెంటు. నౌకరీ అట్ల గట్టిపడంగనే బాపు సంబంధాలు చూసుడు మొదలుపెట్టిండు. హుస్నాబాద్ల పిల్లను చూడనీకె పోయినం. కాబోయే మామ మంచాల కూసొని, "అల్లుడు ఇంతకు ముందు ఏదో పెద్ద మిషిని నడిపిండట గద. ఎంత ఒత్తేది అది?" అని అడిగిండు. నలుగురి ముంగట ఆఫీసరుకు నిజం చెప్పినోణ్ని. పదిహేడు అంకె నోట్ల తయారుగనే ఉండె. అంతల తలుపు ఎనుక గాజుల సప్పుడయింది. పిల్ల వింటున్నది. నేను గొంతు సవరించుకొని, చేతులు మోకాండ్ల మీద పెట్టుకొని, "యాభై వేలు" అన్న.

తర్వాత చెప్పచ్చునని అనుకున్న. పెండ్లయినంక చెప్పచ్చు, పిల్లలు పుట్టినంక చెప్పచ్చు, వాళ్ల చదువులైనంక చెప్పచ్చు. చెప్పబోయినప్పుడల్ల ఏదో ఒక పని అడ్డమొచ్చింది. నిన్న పొద్దుగాల కూడ వాకిట్ల ఎవరో కొత్తగ దిగిన పక్కింటామె వస్తే, మా ఆమె చాయ్ పోసుకుంట చెప్తున్నది: "గిప్పుడు గిట్ల కూసున్నడు గని, వయసుల యాభై వేల గాలులు ఒంటిచేత్తోని ఒత్తిండమ్మా." నేను పేపరు ఇంకొంచెం పైకి ఎత్తి పట్టుకున్న.